చీమలు రాని అర

సింగరయ్య గారి గురించి ఒక్క మాట ముందే చెప్పేస్తాను, మధ్యలో మీరు అడ్డం తగలకుండా. ఆ రోజుల్లో తెనాలిలో ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు కట్టిన మనిషి ఆయనొక్కడే. పగ ఎవరి కడుపులో దాక్కున్నా ఆమడ దూరం నుంచి వాసన పట్టేవాడు. పదిహేనేళ్లలో ఒక్క కేసులో కూడా ఆయన ముక్కు దారి తప్పలేదు. తప్పిందని ఎవరైనా రుజువు చేస్తే నా మీసం నున్నగా గొరిగించుకుంటాను.

అరవై ఏడు మే నెలలో ఒక మంగళవారం. పొద్దున తొమ్మిది కాకముందే ఎండ టైపు మిషను మీదికి వచ్చేసింది. దాని వెనక కూర్చున్నవాడు బర్నబాసు, సింగరయ్య గారి అసిస్టెంటు. ముప్పై ఏళ్లవాడు, టైపు హయ్యరు పాసయినవాడు. గురువు గారు తుమ్మినా తేదీ వేసి నోటుబుక్కులో రాసుకునే రకం.

గుమ్మంలో ఇరవై రెండేళ్ల అమ్మాయి నిలబడింది. చేతిలో గొడుగుంది గాని, దాన్ని తెరవాలన్న సంగతి మర్చిపోయి నడిచి వచ్చినట్టుంది. మొహమంతా కందిపోయింది.

"కూర్చో అమ్మా. ముందు మంచినీళ్లు తాగు," అన్నాడు సింగరయ్య. "ఎవరిని పట్టుకుపోయారు?"

"ఇంకా పట్టుకుపోలేదండి. ఎల్లుండి పొద్దున పట్టుకుపోతారు. మా నాన్నని."

ఆ అమ్మాయి పేరు కరుణ. తండ్రి అబ్రహాము బాపట్లలో ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో ఇరవై ఏళ్లుగా కాంపౌండరు. కాలిన పుండ్లకి ఆయన సొంతంగా ఒక మందు కనిపెట్టాడట. దాన్ని అందరూ తేనెపొర అంటారట.

"ఎట్లా చేస్తాడు?"

"చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది కదండి. దాన్ని ఎండబెట్టి, నానేసి ఉడికిస్తే జిగురొస్తుంది. వడగట్టి, అందులో తేనె, కాస్త తేనెమైనం కలిపి గాజు పలక మీద పల్చగా పోస్తారు. నీడన ఆరితే ఉల్లిపొరలాగా లేచొస్తుంది. మామూలు గుడ్డ కట్టు విప్పితే కొత్త చర్మం దాంతో ఊడొస్తుందండి. ఈ పొర అట్లా కాదు, పుండులోనే కరిగిపోతుంది. తేనె ఉంటుంది కాబట్టి చీము పట్టదు. డాక్టరు గారే మెచ్చుకున్నారు."

"మరి ఇప్పుడేమైంది?"

"శివయ్య అని పడవ మనిషండి, రేపల్లె అవతల వాళ్లది. పడవకి పూసే తారు మరుగుతా ఉంటే కాలి మీద ఒలికింది. మొదటి పది రోజులు పుండు ముత్యంలాగా ఆరింది. తర్వాత ఎనిమిది రోజుల్లో తిరగబెట్టింది. ఒళ్లు జలదరించి, మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటున్నాడు. గురువారం పొద్దున గుంటూరు తీసుకెళ్లి కాలు తీసేస్తారట. మా నాన్న కుళ్లిన చేప సరుకు పెట్టాడని శివయ్య భార్య పోలీసులకి చెప్పింది. కాలు తీసిన రోజే అరెస్టంటున్నారు."

"ఆ పొరలు ఇంకెవరికైనా వేశారా?"

"అదే తేనెతో చేసినవి ఇద్దరికి వేశారండి. హోటల్లో వంట చేసే ఆయన చేతికీ, ఒక ముసలమ్మ వీపుకీ. ఇద్దరికీ తగ్గిపోతోంది."

"ఒకే చేప, ఒకే తేనె, ఒకే చెయ్యి," అన్నాడు సింగరయ్య. "ఇద్దరికి అమృతం, ఒకడికి విషం. బర్నబాసూ, గొడుగు తీసుకో. ఆ ఒక్కణ్ని ఎవరు పట్టుకున్నారో చూద్దాం."

మధ్యాహ్నానికి ముగ్గురూ బాపట్లలో దిగారు. ఆస్పత్రి పెంకుటిల్లు. ముందు గది డాక్టరు కోటేశ్వరరావుది, వెనక వార్డు, దాని వెనక వరండా. శివయ్య మంచం వార్డు చివర, వరండా తలుపు పక్కన ఉంది. నలభై ఏళ్ల నల్లటి గట్టి మనిషి. ఎడమ కాలు మోకాలి కింద నుంచి మడమ దాకా ఎర్రగా పొంగి, నీరు కారుతోంది. బర్నబాసు ఒకసారి చూసి నోటుబుక్కులో తలదూర్చాడు.

"కుళ్లు ఒళ్లంతా పాకుతోంది," అన్నాడు డాక్టరు. "కొట్టుకోవడం కూడా అందుకే అనుకుంటున్నాను. గురువారం ఎనిమిదింటికి వ్యాను చెప్పాను. ఇంకా ఆలస్యం చేస్తే మనిషే దక్కడు."

"డాక్టరు బాబూ," అన్నాడు శివయ్య నీరసంగా, "ఒంటికాలి మీద నిలబడేది కొంగండి. నేను కాదు. పడవ మీద రెండు కాళ్లుంటేనే నిలబడటం కష్టం."

తలాపున కూర్చుని విసురుతున్న అతని భార్య రత్తాలు విసనకర్ర ఆపింది. "వచ్చారా కాంపౌండరు చుట్టాలు? నా మొగుడి కాలు తిన్నాడు బాబూ ఆయన. మా ఇంట్లో ఆ కాలు మీద ఐదుగురు బతుకుతన్నారు."

"ఎప్పటి నుంచి ఇక్కడున్నావమ్మా?"

"వచ్చి తొమ్మిది రోజులు. ముందు మా మరిది ఉన్నాడు. నేను చేపలెండేసే కాడ పనికి పోతన్నా. ఈయనకి నెమ్మదిగా ఉందంటే ఊరుకున్నా. రాకపోతే బాగుండేది, నేనొచ్చాకే తిరగబడింది."

"ఎవరైనా చూడటానికి వచ్చారా?"

"రాజమ్మొచ్చింది, నేనొచ్చిన మర్నాడు. నేను పనిచేసేది ఆవిడ కాడే. ఇంతకు ముందు ఈయన పనిచేసింది ఆవిడ పడవ మీదే. సీజను మధ్యలో మానేశాడని రేవులో అందరి ముందూ తిట్టింది, నా పడవ దాటిన కాలు పుచ్చిపోను అని."

బర్నబాసు పెన్సిలు ఆగింది. గురువు గారి వైపు చూశాడు. సింగరయ్య ముక్కుపుటాలు కదిలాయి. ఆయనకి వాసన తగిలినప్పుడు అట్లాగే కదిలేవి.

"వచ్చి ఎక్కడ కూర్చుంది?"

"ఆ వరండాలోనే, బీరువా పక్కన."

నర్సు కృపమ్మ వాళ్లని వరండాలోకి తీసుకెళ్లింది. జాలీ తలుపుల చెక్క బీరువా అది, తాళం లేదు. చీమలెక్కకుండా నాలుగు కోళ్ల కింద నాలుగు మట్టి మూకుళ్లలో నీళ్లు పెట్టారు. లోపల మూడు అరలు, ఒక్కో అరకి ఒక్కో రోగి పేరు చీటీ. ఎవరి పొరలు వాళ్ల అరలో అరిటాకు మీద పరిచి ఉన్నాయి.

"పొద్దున పోసిన నీళ్లు మధ్యాహ్నానికి ఆవిరండి ఈ ఎండలకి," అంది కృపమ్మ. "పై రెండు అరల్లో చీమలే చీమలు. దులపలేక చస్తున్నా. కింది అర శివయ్యది. అందులో మాత్రం ఒక్క చీమ కనపడదు. అంత మంచి తేనె పడిందండి ఆ మనిషికి. అయినా రాత."

పక్కన స్తంభంలా నిలబడ్డ అబ్రహాము అప్పుడు నోరు తెరిచాడు. యాభై దాటిన సన్నటి మనిషి. మూడు రోజులుగా మందుల గదిలోకి రానివ్వడం లేదు ఆయన్ని. "అసలు తేనెకి చీమ రాదండి. మా తాత చెప్పేవాడు. ఆ అర చూసుకుని రోజూ మురిసిపోయేవాణ్ని."

"అవునవును, అందరికీ తెలిసిందే," అన్నాడు సింగరయ్య. "చేప సరుకు ఎక్కణ్నించి?"

"రాజమ్మ కాణ్నుంచేనండి."

సింగరయ్య ఇక బీరువా వైపు చూడలేదు. "బర్నబాసూ, తెల్లారి రేపల్లె బండి ఎన్నింటికి?"

రాత్రికి తెనాలి తిరిగొచ్చి, బుధవారం పొద్దున అక్కడ రేపల్లె బండెక్కారు. దారి పొడుగునా సింగరయ్య కేసు విడదీసి చెబుతూనే ఉన్నాడు. శాపం పెట్టింది ఆవిడే, అదీ కాలికే. సరుకు ఇచ్చింది ఆవిడే. బీరువా పక్కన కూర్చుంది ఆవిడే. ఎనిమిది రోజుల కిందట వచ్చింది, ఎనిమిది రోజుల కిందటే పుండు తిరగబెట్టింది. బర్నబాసుకి ఒళ్లు పులకరించింది. అన్నీ రాసుకుని కింద గీత కూడా గీశాడు.

రాజమ్మ చేపలెండేసే చోటు రేపల్లె నుంచి నిజాంపట్నం పోయే దారిలో, ఉప్పుగాలి మొదలయ్యే చోట ఉంది. తాటాకు చాపల మీద చేపలు పరిచి ఉన్నాయి. ఇరవైమంది ఆడవాళ్లు వంగి తిరగేస్తున్నారు. రాజమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. అరవై ఏళ్ల మనిషి, గొంతు మాత్రం పాతికేళ్లది.

"శివయ్యని కాలు పుచ్చిపోవాలని తిట్టావా?"

"తిట్టానండి. నాది ఉప్పు నోరు. మీరు నా పడవ మధ్యలో ఒగ్గేసి పోతే మిమ్మల్నీ తిడతా."

"తిట్టి, మళ్లీ ఆస్పత్రికి ఎందుకెళ్లావు?"

"నిజంగానే కాలికొచ్చింది కదండి. భయమేసింది. అన్న మాట ఎనక్కి తీసుకుందామని పోయా. బత్తాయిలు ఇచ్చా. ఆడు నవ్వాడు. 'నీ నోటికి అంత పవరుంటే తుపాన్లు ఆపవే అత్తా' అన్నాడు."

"అబ్రహాముకి ఇచ్చే సరుకులో ఏం కలిపావు?"

"కలపటానికి నాకు చిక్కితేగా. పడవ ఒడ్డుకి రాగానే తిత్తులు పచ్చివే కోయించుకుని పట్టుకుపోతాడు. మా కాడ ఎండిన సరుకు ముట్టడు. అదిగో, ఆ పౌడరు పడకూడదంట."

ఆవిడ చూపించిన చోట ఒక ఆడమనిషి గుడ్డ మూట పట్టుకుని చేపల మీద తెల్లటి పొడి దులుపుతోంది. బియ్యప్పిండి జల్లినట్టే ఉంది, కంపు మాత్రం ముక్కు బద్దలయ్యేట్టుంది.

"ఏంటది?"

"గమాక్సినండి. పురుగుల మందు. ఈగ వాలదు, చీమ రాదు. మా ఆడోళ్లందరి కొంగునా ఉంటది ఓ మూట. తినేవాళ్లు కడుక్కోవాలి మరి."

సింగరయ్య తల దించి చూశాడు. నేల మీద ఒక చీమల బారు వస్తోంది. చేపల వాసనకి నేరుగా చాప దాకా వచ్చి, జానెడు దూరంలో ఆగి, పక్కకి తిరిగి వెళ్లిపోతోంది. ఆయన దాని పక్కన గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"బర్నబాసూ, నిన్న కృపమ్మ అన్న మాట చదువు."

"'పై రెండు అరల్లో చీమలే చీమలు. కింది అర శివయ్యది. అందులో మాత్రం ఒక్క చీమ కనపడదు.'"

"మూడు అరలకీ తేనె ఎన్ని సీసాల్లోది?"

"ఒకే తేనె అని కరుణ ముందే చెప్పిందండి. మీరూ అన్నారు."

"అసలు తేనెకి చీమ రాదంటే మూడు అరలకీ రాకూడదు. పై రెండిటికీ వచ్చింది. అంటే చీమకి తేనె ఇష్టమే. అబ్రహాము తాతా మా తాతా అబద్ధం చెప్పారు." లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "శివయ్యంటే ఎవరికి పగో వెతుక్కుంటూ యాభై మైళ్లు వచ్చాను. పగ లేదిక్కడ. నేను గాడిదని, బర్నబాసూ."

బర్నబాసు పెన్సిలు అలవాటుగా కాగితం మీదికి వెళ్లి ఆగింది. "రాయమంటారా అండి?"

"రాయి. గీత కూడా గీయి."

ముక్కు దారి తప్పింది కదా అంటారు మీరు. తప్పింది. ఒకటిన్నర రోజు తప్పింది. మీసం సంగతా, ఎండాకాలం ఉక్కకి ఎటూ తీయించేద్దామనే అనుకుంటున్నాను లెండి.

రాజమ్మని కూడా బండెక్కించుకుని సాయంత్రం నాలుగింటికి బాపట్ల చేరారు. దారిలో బర్నబాసు ఎన్నిసార్లు అడిగినా సింగరయ్య ఎవరి పేరూ చెప్పలేదు. ఆస్పత్రికి రాగానే డాక్టరుతో, కృపమ్మతో, కరుణతో తలా ఒక నిమిషం గుసగుసలాడాడు. తర్వాత అందరినీ వరండాలోకి పిలిచాడు. పోలీసు హెడ్డు ఒకాయన గోడకి ఆనుకున్నాడు. అబ్రహాము ఒక మూల, రాజమ్మ ఒక మూల. శివయ్య మంచాన్ని గుమ్మం దాకా జరిపారు. రత్తాలు మంచం కోడు పట్టుకుని నేల మీద కూర్చుంది.

"ఈ మనిషి కాలు చెడింది చేప వల్ల కాదు, తేనె వల్ల కాదు," అన్నాడు సింగరయ్య. "కరుణ ఇంటి దగ్గర్నించి ఆఖరి పొరలు తెచ్చింది. ఇవి తప్ప ఇంక లేవు. డాక్టరు గారు పుండు కడిగి సిద్ధం చేస్తారు. అందాకా వీటిని శివయ్య అరలోనే పెట్టండి. అరగంట తర్వాత ఇవే వేద్దాం. పనిచేస్తే కాలు దక్కుతుంది."

కృపమ్మ కింది అర గుడ్డతో తుడిచి, కొత్త అరిటాకు వేసి, పొరలు పరిచింది. జాలీ తలుపు దగ్గరికి వేసింది. డాక్టరు శివయ్య దగ్గర కూర్చుని కడగడం మొదలుపెట్టాడు. శివయ్య పళ్లు బిగించాడు. మిగతావాళ్లకి చేసే పని లేదు, ఎదురుచూడటం తప్ప.

బర్నబాసుకి అప్పుడు కనపడింది. మూకుళ్లలో చుక్క నీరు లేదు. చీమలు ఒక కోడు పట్టుకుని ఎక్కుతున్నాయి. మొదట రెండు, తర్వాత బారు. జాలీ దాకా వెళ్లి, దూరి, అరిటాకు అంచు చేరాయి. అవి ఆఖరి పొరలు. చెప్పబోయాడు. సింగరయ్య అతని మణికట్టు పట్టుకుని నొక్కాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. గురువు గారి చెయ్యి చల్లబడటం బర్నబాసు అంతకు ముందెప్పుడూ చూడలేదు. ఈసారి కూడా తప్పితే తెల్లవారి వ్యాను వచ్చేస్తుంది.

ఐదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. రాజమ్మ గొణుగుతోంది. హెడ్డు వాచీ చూసుకున్నాడు.

రత్తాలు లేచింది.

"ఇంతమంది పెద్దోళ్లున్నారు, ఒక్కళ్లకీ కళ్లు కనపడవు," అనుకుంటూ బీరువా దగ్గరికి వెళ్లి తలుపు తీసింది. చీమల్ని చేత్తో దులిపింది. కొంగు ముడి విప్పి, గుడ్డ మూట తీసి, అర మీద నాలుగు మూలలా దులిపింది. ఒక్క క్షణం ఆలోచించి, పొరల మీద కూడా చిటికెడు చిటికెడు అద్దింది. పసిబిడ్డకి పౌడరు అద్దినట్టు ఎంతో మెల్లగా అద్దింది.

హెడ్డు ముందుకి కదలబోతే సింగరయ్య చెయ్యెత్తి ఆపాడు.

"ఏంటమ్మా అది?"

"చీమల మందు బాబూ. ఆయన మందు మీద చీమలెక్కుతుంటే చూస్తా ఎట్టా కూర్చుంటాం?"

"రోజూ వేస్తావా?"

"పొద్దునా సాయంత్రం. వచ్చిన కాణ్నించి. పొర మీద కూడా కాస్త అద్దుతా. తీపి కదా, కట్టు లోపలికి చీమ దూరితే పుండు కొరికేస్తది." అందరూ తననే చూస్తుంటే ఆమె మూట ముడి వేయబోయి ఆగింది. "ఏంటి బాబూ? అట్టా చూత్తారేంటి?"

డాక్టరు లేచి వచ్చి ఆ మూట వాసన చూశాడు. పచ్చి పుండు వైపు చూశాడు. "కుళ్లు కాదిది," అన్నాడు మెల్లగా. "విషం. పుండులోంచి ఒంట్లోకి ఎక్కుతోంది. కొట్టుకోవడం కూడా అందుకే. తొమ్మిది రోజులు, రోజుకి రెండుసార్లు. నాకు తట్టనే లేదు."

సింగరయ్య క్లుప్తంగా తేల్చేశాడు. ఒకే తేనెకి రెండు అరల్లో చీమలు వచ్చి మూడో అరకి రాలేదంటే, చీమని చంపేది ఏదో ఆ అరలోనే ఉందన్నాడు. రాజమ్మ ఒక్క పూట వచ్చి వెళ్లింది, ఆ పొడి రోజూ పడింది. రోజూ ఇక్కడే ఉండి, కొంగున ఆ మూట కట్టుకునే అలవాటున్నది ఒక్కరికే. "కాని ఆ మనిషికి తన చేతిలో ఉన్నదేంటో తెలియదు. నిలదీస్తే బెదిరిపోయి లేదనేస్తుంది. అందుకే మూకుళ్లలో నీళ్లు తీయించి చీమల్ని పిలిచాను. పగవాణ్ని వెతకడం నాకు వచ్చు. ప్రేమగా చేసిన తప్పుని ఇట్లాగే వెతకాలేమో, తెలియదు. ఇదే మొదటిసారి."

రత్తాలుకి అప్పుడు అర్థమైంది. మూట చేతిలోంచి జారింది. చేతులు రెండూ చీరకేసి రుద్దుకోవడం మొదలుపెట్టింది, ఆపలేదు. "నేనా? నా చేత్తో నేనేనా?" అంటూ గోడ వారగా కూలబడింది. తర్వాత అబ్రహాము వైపు తలెత్తి రెండు చేతులూ జోడించింది.

మూడు రోజులు దొంగలా నిలబెట్టారు అబ్రహాముని, అది మింగడానికి కాస్త టైము పట్టింది. చివరికి, "చీమ రాలేదని మురిసినవాణ్ని నేనమ్మా," అన్నాడు. "కాంపౌండరునై ఉండి, ఎందుకు రాలేదని అడగలేదు. నీ వంతు ఎంతో నా వంతూ అంత."

మంచం మీద నుంచి శివయ్య గొంతు వినపడింది. "ఒసే రత్తాలూ, ఏడవబాక. పెళ్లయిన కాణ్నించీ నన్ను ఎండుచేప కిందే లెక్కేశావు. ఉప్పు కూడా వెయ్యకపోయావా, సరిపోయేది."

రాజమ్మ ఫక్కున నవ్వి, వెంటనే కొంగుతో నోరు మూసుకుంది.

"మరి ఆఖరి పొరలు పాడైపోయినాయి కదండి," అన్నాడు బర్నబాసు ఉండబట్టలేక.

కరుణ సంచిలోంచి ఒక గాజు సీసా తీసింది. "అర్లో పెట్టినవి పనికిరాని పాత పొరలండి. మంచివి ఇందులో ఉన్నాయి. సారే అట్లా చెయ్యమన్నారు." బర్నబాసు గురువు గారి వైపు చూసిన చూపులో భక్తి పావలా వంతు తగ్గి, వెంటనే అర్ధరూపాయి పెరిగింది.

అబ్రహాము చేతులు కడుక్కున్నాడు. డాక్టరు పక్కకి జరిగి చోటిచ్చాడు. పుండుని రెండోసారి, మూడోసారి కడిగి, అబ్రహామే తేనెపొర పరిచాడు. వేసేటప్పుడు రత్తాలుని పిలిచి దీపం పట్టుకోమన్నాడు. ఆమె తన చేతుల వంక చూసుకుని వెనక్కి జంకితే, "ఊరికే పట్టుకో చాలు, నేను చూస్తాను," అన్నాడు. హెడ్డు ఫిర్యాదు కాగితం మడిచి రాజమ్మకి విసనకర్రగా ఇచ్చాడు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి వ్యాను వచ్చింది. డాక్టరు శివయ్య ఒంటి మీద చెయ్యి వేసి చూశాడు. తెల్లవారుజాము నుంచి కొట్టుకోలేదు. వ్యానుని వెనక్కి పంపేశాడు.

రెండు నెలలకి, వానలు పడ్డాక, శివయ్యా రత్తాలూ తెనాలి వచ్చారు. స్టేషను నుంచి ఆఫీసు దాకా శివయ్య కాలు ఎక్కడా కుంటకుండా, పెళ్లికొడుకులాగా నడిచి వచ్చాడు. సింగరయ్య గారికి పులస కాదు గాని, దాని తమ్ముడి లాంటి చేప ఒకటి తెచ్చాడు. పచ్చిదే తెచ్చాడు. ఎండుది తీసుకోరేమోనని రత్తాలే వద్దందట.

ఇందులో నేను కల్పించింది ఒక్కటుంది, ఒప్పుకుంటాను. కుంటకుండా నడిచాడని రాశాను చూశారా, అది అబద్ధం. కుంటాడు. చచ్చేదాకా కుంటుతూనే ఉన్నాడు. కాకపోతే రెండు కాళ్ల మీద కుంటాడు.